వేదాంతం సత్యనారాయణ శర్మ గారు: నాట్యకారుడా, నటుడా?

కృష్ణలంక

సత్యభామ అనగానే మనలో చాలామందికి జమున గారే గుర్తొస్తారు. అందులో తప్పేం లేదు. వినాయక చవితి (1957), శ్రీకృష్ణ తులాభారం (1966) చూసినవాళ్ళ కళ్ళముందుకి ఇంకో ముఖం రాదు. కాస్త పెద్దవాళ్ళైతే నాటకాల్లో ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావు గారి పేరెత్తుతారు. వీళ్ళిద్దరి మధ్య ఇంకొకాయన పేరు నలిగిపోతోందని నా బాధ. ఆయనే వేదాంతం సత్యనారాయణ శర్మ గారు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1935లో కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టారు. అన్నగారు ప్రహ్లాద శర్మ దగ్గర పాఠం మొదలుపెట్టి, తర్వాత చింతా కృష్ణమూర్తి గారి వెంకటరామ నాట్య మండలిలో వేషాలు కట్టారు. సత్యభామ, ఉష, శశిరేఖ, మోహిని, గొల్లభామ... పేరు తెచ్చినవన్నీ ఆడవేషాలే. 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చేటప్పటికి ఇరవయ్యారేళ్ళ కుర్రాడు. 1970లో పద్మశ్రీ. 2012 నవంబరులో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆయన గురించి ఏ పేపరు తీసినా ఒకటే పాట: ఆడవాళ్ళే ఆడమనిషి అనుకున్నారట, అచ్చం ఆడపిల్లలాగే నడిచేవారట. నాకు ఈ పొగడ్త వింటే చిరాకు. చీర కట్టి జడ వేసుకుని మోసం చేయగలగడం గొప్పైతే, ఊరికొక పగటివేషగాడు ఆ పని చేసి చూపిస్తాడు. నా వాదన ఏమిటంటే ఆయన ముందు నటుడు, ఆ తర్వాతే నాట్యకారుడు. మీరేమంటారు?

మువ్వసవ్వడి

కృష్ణలంక గారూ, పొగడ్త విషయంలో మీతో ఏకీభవిస్తాను. "ముందు నటుడు" అన్నదాంతో కాదు. నేను పిల్లలకి కూచిపూడి నేర్పుతాను కాబట్టి చెబుతున్నా, మా దాంట్లో ఆ రెంటికీ మధ్య గోడ లేదు. అకాడమీ వాళ్ళు ఆయనకి అవార్డు ఇచ్చింది నృత్య విభాగంలోనే కదా.

సత్యభామ రంగం మీదకి వచ్చేటప్పటి పాట, ప్రవేశ దరువే తీసుకోండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. ముందు ముఖం కనబడదు, తెర మీదుగా జడ పడుతుంది. సూర్యుడు, చంద్రుడు, నాగరం అన్నీ కుట్టిన బరువైన జడ అది. పాత రోజుల్లో ఆ జడ వేయడమంటే సభకి సవాలే. నన్ను మించినవాడుంటే వచ్చి ఈ జడ కోసుకోవచ్చు అని. తర్వాత తెర తొలగుతుంది, "భామనే సత్యభామనే" మొదలవుతుంది. అప్పుడు ఆ నడకలో తాళం తప్పకూడదు, మెడ తిప్పడంలో గర్వం తగ్గకూడదు, కాలు జతి చెబుతుంటే కన్ను కథ చెప్పాలి. ఇందులో ఏది నటన, ఏది నాట్యం అని కత్తిరించి ఇవ్వమంటే నా వల్ల కాదు.

సందేహాలస్వామి

సినిమాల్లో ఏమైనా చేశారా? యూట్యూబ్‌లో వెతికితే పాత సినిమా పాటలే వస్తున్నాయి.

నాటకాలరాయుడు

స్వామీ, సినిమా దారి పట్టిన కూచిపూడివాళ్ళు వేరే ఉన్నారు. వేదాంతం రాఘవయ్య గారు డాన్సులు కూర్చే పని నుంచి దర్శకుడయ్యారు, 1953 దేవదాసు ఆయనదే. పసుమర్తి కృష్ణమూర్తి గారు పాతాళ భైరవికీ, మాయాబజారుకీ నృత్యాలు కూర్చారు. వెంపటి పెదసత్యం గారు కూడా మద్రాసు స్టూడియోల్లోనే. ఒక్క అగ్రహారం నుంచి ఇంతమంది! శర్మ గారి పేరు నిలబడింది మాత్రం స్టేజీ మీదే. ఇవాళ్టి కుర్రాళ్ళకి ఆయన తెలియకపోవడానికి సగం కారణం అదే. సినిమాలో రెండు నిమిషాలు కనిపించినా టీవీలో వందసార్లు వేసేవాళ్ళు.

ఇక అసలు విషయం. కృష్ణలంక చెప్పిందానికే నా ఓటు. ఎందుకో చెబుతా, కాస్త ఓపిక పట్టండి.

ఇవాళ మనం సభల్లో చూసే పది నిమిషాల సత్యభామ వేరు, భామాకలాపం, అంటే సత్యభామ కథతో ఆడే కూచిపూడి నాటకం, వేరు. కలాపం పూర్తిగా ఆడితే రాత్రి గడిచిపోయేది. కథ చూస్తే ఇంతే. కృష్ణుడూ సత్యభామా అద్దంలో చూసుకుంటుంటే, మనిద్దరిలో ఎవరు అందగాళ్ళు అని ఆయన అడుగుతాడు. నేనే అంటుంది ఈవిడ. ఆయన అలిగి వెళ్ళిపోతాడు. అంతే, ఇంకేం లేదు. మిగతా రాత్రంతా ఈవిడ గర్వం కరిగి విరహంలోకి, విరహం ముదిరి కోపంలోకి, కోపం చల్లారి పశ్చాత్తాపంలోకి దిగడమే. యుద్ధం లేదు, రాక్షసుడు లేడు. తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టాల్సింది ఒక్క మనిషి ముఖం.

దానికి తోడు మాట. ఈ విషయం ఎవరూ పట్టించుకోరు. కలాపంలో పాత్రధారి వెనక ఎవరో పాడితే పెదాలు కదిపేవాడు కాదు. చెలికత్తె మాధవితో మాటకి మాట విసరాలి, పద్యం చదవాలి, కృష్ణుడికి రాసిన లేఖ రాగం తీస్తూ వినిపించాలి. మాధవి వేషం కట్టేవాడు సూత్రధారుడే, హాస్యం కూడా ఆయనదే. అతను ఆ పూటకి ఏ చమత్కారం విసిరితే దానికి సత్యభామ పాత్ర చెడకుండా అప్పటికప్పుడు జవాబివ్వాలి. మొగుడి పేరు చెప్పమని మాధవి ఏడిపించే ఘట్టం చూడండి. పేరు నోటితో చెప్పడానికి సిగ్గు. గుర్తులు చెబుతుంది, సగం చెప్పి ఆపేస్తుంది, మాధవి కావాలని ఇంకెవరి పేరో అంటుంది, ఈవిడకి ఒళ్ళు మండుతుంది, అంతలో మళ్ళీ సిగ్గు. ఇవన్నీ అడుగులతో వచ్చేవి కావు. దాన్ని నటన అనక ఏమంటారు?

శర్మ గారు వయసు మీరాక, ఏ వేషమూ లేకుండా కూర్చుని అభినయం చూపిస్తున్న వీడియోలున్నాయి. నగలు లేవు, ముఖానికి అర్దళం రంగు పూయలేదు, జడ లేదు. పలచబడ్డ జుట్టున్న ముసలాయన. కనుబొమ్మ ఒకటి కొంచెం పైకి లేస్తుంది, గడ్డం పక్కకి తిరుగుతుంది, వేలు చెంప దాకా వెళ్ళి ఆగుతుంది. అయిపోయింది, అక్కడ ముసలాయన లేడు. అందం వల్ల వచ్చే మాయైతే డెబ్బయ్యేళ్ళకి మిగలకూడదు కదా.

మువ్వసవ్వడి

రాయుడు గారూ, ఆ "ఆగే వేలు" ఉంది చూశారూ, అది మా శిష్యులకి ఎన్నేళ్ళు చెప్పినా రాదు. అందరూ వేలు చెంపకి ఆనించేస్తారు!

అయినా నా మాట మీద నేనున్నా. ఆయనకి అంత తాళజ్ఞానం లేకపోతే ఆ ఆగడం అక్కడే ఎందుకు ఆగాలో తెలిసేది కాదు.

సందేహాలస్వామి

ఇంకో డౌటు. అసలు మగవాళ్ళే ఎందుకు కట్టాలి ఈ వేషం? ఆడవాళ్ళని రానివ్వలేదా?

కృష్ణలంక

ఊరివాళ్ళు చెప్పే కథ ప్రకారం సిద్ధేంద్ర యోగి భామాకలాపం రాసి, ఆ అగ్రహారంలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడట. గోల్కొండ తానీషా వీళ్ళ ఆట చూసి మెచ్చి ఊరిని రాసిచ్చాడని కూడా అంటారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, ఇలా ఇంటిపేర్లతో సహా ఆ హక్కు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల్లోనే ఉండిపోయింది. యోగి ఏ శతాబ్దం వాడనే దాని మీద పండితులకి ఏకాభిప్రాయం లేదు, ఇక్కడ ఆ గొడవ వద్దు.

మేళాలు ఊరూరా తిరిగేవి. గుడి ముందు పందిరి, కాగడాలు, ముఖ్యపాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని వెలుగు. ఇంటి ఆడవాళ్ళు ఆ తిరుగుడులో ఉండటం ఆ రోజుల్లో ఊహకి కూడా అందని సంగతి.

గోదారిగట్టు

ఆగండాగండి. "ఆడవాళ్ళు ఊహకి అందని సంగతి" ఏమిటండీ?

మా వైపు రండి. తూర్పు గోదావరిలో, పశ్చిమ గోదావరిలో ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు భామాకలాపం ఆడారు. ఒకే మనిషి, మొత్తం అభినయం తానే చేస్తూ, పాట తానే పాడుతూ. మీ మగ సత్యభామ ఉన్న రోజుల్లోనే మా దగ్గర ఆడ సత్యభామ ఉంది. మరి ఆవిడకేమైంది? 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. చట్టం ఉద్దేశం మంచిదే, దాన్ని కాదనను. కానీ దాంతోపాటు ఆ ఆట పరువు తక్కువ పని అయిపోయింది. అదే ఆట, అదే సత్యభామ, బ్రాహ్మణ మగవాడు చీర కట్టి ఆడితే సంప్రదాయం. ఆడమనిషి ఆడితే చెప్పుకోవడానికి సిగ్గు. పద్మశ్రీ ఎవరికొచ్చిందో, ఎవరు గజ్జెలు విప్పి మూలన పడేశారో లెక్క చూసుకోండి.

శర్మ గారి ప్రతిభ మీద నాకు ఒక్క మాట కూడా లేదు. కానీ ఆయన్ని పొగిడే ప్రతి వ్యాసమూ ఆడవాళ్ళ వేషం వేసిన మగవాణ్ణి ఆకాశానికెత్తి, ఆడవాళ్ళని మాత్రం ఆ బొమ్మలోంచి తుడిచేస్తుంది. దానికే నా అభ్యంతరం.

నాటకాలరాయుడు

మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే శర్మ గారిని బోనులో నిలబెట్టడం దేనికి? ఆయన పుట్టిన ఊళ్ళో ఉన్న పని ఆయన చేశారు.

గోదారిగట్టు

నేను బోనులో పెట్టింది ఆయన్ని కాదు, మన జ్ఞాపకాన్ని. పైన మొదటి పోస్టులో ముగ్గురు సత్యభామల పేర్లున్నాయి. ఇద్దరు మగవాళ్ళు, ఒక సినిమా తార. కళావంతుల పేరు ఒక్కటైనా ఉందా?

పర్యవేక్షకుడు

కులాల మీదకి చర్చ వెళ్ళకుండా చూడండి. ఇప్పటిదాకా ఎవరూ గీత దాటలేదు, అలాగే ఉంచండి.

మువ్వసవ్వడి

గోదారిగట్టు గారు అన్నది నిజం, నాట్యం నేర్పేవాళ్ళం మేమే దాన్ని ముందు ఒప్పుకోవాలి. నటరాజ రామకృష్ణ గారు ఆ కళావంతులని వెతికి పట్టుకుని, వాళ్ళ దగ్గరున్నది పోకుండా చూసి, ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టారు. తమాషా ఏమిటంటే, ఆయన శిష్యుడు కళాకృష్ణ గారు ఆ ఆడవాళ్ళ సంప్రదాయంలోని నవజనార్దన పారిజాతం అనే సత్యభామ ఆటని స్త్రీవేషంలో ఆడి పేరు తెచ్చుకున్నారు. అక్కడ కూడా చివరికి మగవాడే సత్యభామ!

శర్మ గారి విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఆ కాలం. వరసగా చూడండి. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నాట్య సదస్సు. కూచిపూడికి ప్రత్యేకంగా శాస్త్రీయ హోదా ఉందా, లేక భరతనాట్యానికి ఇంకో రూపమా అని పేచీ. మనవాళ్ళకి కోపం వచ్చింది. మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో మన రాష్ట్ర అకాడమీ సొంతంగా సదస్సు పెట్టింది. దీని వెనకాల ఏలూరు లాయరు, నటుడు బందా కనకలింగేశ్వరరావు గారి శ్రమ చాలా ఉంది. శర్మ గారిని నలుగురి ముందుకి తెచ్చిందీ ఎక్కువగా ఆయనే. తర్వాత రెండేళ్ళకి అంటే 1961లో కేంద్ర అకాడమీ అవార్డు. అది ఒక కుర్రాడికి వచ్చిన మెడలే అయినా, ఊరు మొత్తానికి అదొక జవాబు.

సరిగ్గా ఇంకో రెండేళ్ళకి, 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆడపిల్లలు వచ్చారు. యామినీ కృష్ణమూర్తి గారు అప్పటికే వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటి పెద్దల దగ్గర నేర్చుకుని దేశమంతా కూచిపూడి చూపిస్తున్నారు. తర్వాత శోభానాయుడు గారు సత్యభామ అయ్యారు. శర్మ గారికి నలభై ఏళ్ళు వచ్చేసరికి సత్యభామంటే మళ్ళీ ఆడమనిషే.

ఆలోచించండి. ఒక మనిషి తన విద్యకి దేశంలోనే పెద్ద గుర్తింపు తెచ్చుకున్న రెండేళ్ళలో, ఆ విద్యకి కాలం చెల్లే పని మొదలైంది. అది కూడా శత్రువుల వల్ల కాదు, సొంత ఊరివాళ్ళ చేతుల మీదుగా. అప్పటిదాకా మామూలు పద్ధతిగా ఉన్న స్త్రీవేషం ఆ తర్వాత వింత అయిపోయింది. మొదటి పోస్టులో చిరాకుపడ్డ పొగడ్త ఉందే, అది అక్కడి నుంచే పుట్టిందని నా అనుమానం. అందరూ మగవాళ్ళే కట్టే రోజుల్లో "అచ్చం ఆడమనిషే" అని ఎవరూ మూర్ఛపోరు, బాగా ఆడాడా లేదా అనే చూస్తారు. వింత అయ్యాకే వేషం గురించి మాట్లాడటం మొదలైంది.

కృష్ణలంక

ఈ కోణం నాకు తట్టలేదు మేడమ్. అంటే నటుడిగా చూడటం మానేసి వింతగా చూడటం మనం తర్వాత నేర్చుకున్నదే అన్నమాట. ఇంకో విచిత్రం, వెంపటి చినసత్యం గారు 2012 జులైలో పోతే, శర్మ గారు అదే ఏడాది నవంబరులో పోయారు. ఒకే ఊళ్ళో పుట్టి, కూచిపూడిని చెరో దారి పట్టించి, నాలుగు నెలల తేడాలో ఇద్దరూ.

బేఏరియా_అమ్మ

నమస్తే అందరికీ. చాలా రోజులుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మా అమ్మాయి ఇక్కడ ఏడేళ్ళ వయసు నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది, వచ్చే ఏడాది రంగప్రవేశం. లిస్టులో పళ్ళెం మీద తరంగం ఉంది, జతిస్వరం ఉంది, భామాకలాపం నుంచి ప్రవేశ దరువు ఒక్కటే ఉంది. రాయుడు గారు చెప్పిన మాధవితో సంభాషణ, లేఖ, ఇవేవీ లేవు. టీచర్‌ని అడిగితే, పిల్లలకి తెలుగు పలకదు, చూసేవాళ్ళకి అర్థం కాదు, రెంటికీ చెడ్డ పని ఎందుకన్నారు. అదీ నిజమే. మా అమ్మాయికి "మొగుడి పేరు చెప్పడానికి సిగ్గేంటి" అని అర్థం చేయించడానికే నా తాతలు దిగొచ్చారు. వాళ్ళ నాన్నని నేను పేరు పెట్టే పిలుస్తాను మరి!

మువ్వసవ్వడి గారూ, ఇది ఇక్కడి సమస్యేనా, అక్కడ కూడా ఇంతేనా?

మువ్వసవ్వడి

ఇక్కడా అంతేనమ్మా. హైదరాబాద్ పిల్లల తెలుగు కూడా అంతంతమాత్రమే. 2010లో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మంది ఒకేసారి తిల్లానా చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. చూడ్డానికి ఒళ్ళు పులకరించింది, కాదనను. కానీ తిల్లానాకి మాట అక్కర్లేదు కాబట్టే అది కుదిరింది. అన్ని వేలమందిలో లేఖ చదవగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారంటే నాకు జవాబు చెప్పాలని లేదు.

మీ అమ్మాయి చేత సిగ్గు ఘట్టం చేయించాలనుకుంటే ఒక చిట్కా. మొగుడి పేరు సంగతి పక్కనపెట్టండి. క్లాసులో ఏ అబ్బాయి పేరో చెప్పమని ఫ్రెండ్స్ ఏడిపిస్తే ముఖం ఎలా పెడుతుందో అలా పెట్టమనండి. ఆ తర్వాత మాట నేర్పండి.

బేఏరియా_అమ్మ

అయ్యబాబోయ్, అది నా ముందు చేయదండీ :)

నాటకాలరాయుడు

స్థానం వారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. చాలామంది ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తారు, ఆడవేషం వేసిన మగవాళ్ళని. అది సరికాదు. స్థానం వారిది పద్యనాటకం. 1902లో బాపట్లలో పుట్టారు, 1956లోనే పద్మశ్రీ. "మీరజాలగలడా" అంటూ వచ్చే ఆ సత్యభామ దగ్గర అంతా ధీమా, చివర్లో తులాభారం దగ్గర దెబ్బ తింటుంది. కలాపం సత్యభామ అలా కాదు. నాటకం మొదలైన కాసేపటికే దెబ్బ తిని, మిగతా సమయమంతా ఆ దెబ్బతో బతుకుతుంది. స్వాధీనపతికగా, అంటే మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకున్నదానిగా తెర తీసుకుని వచ్చి, విరహోత్కంఠిత (విరహంతో ఎదురుచూసేది), ఖండిత (మొగుడి మీద మండిపడేది), కలహాంతరిత (పోట్లాడి పశ్చాత్తాపపడేది) అన్నీ అయి వెళ్తుంది. మొదటిదానికి దర్పం చాలు. రెండోదానికి దర్పం కరిగిపోవడం జనం కళ్ళముందు, మెల్లమెల్లగా జరగాలి.

పైగా ముక్కర ఘట్టం. కృష్ణుడి దగ్గరికి రాయబారం వెళ్ళడానికి మాధవి ముక్కర అడుగుతుంది. వేరే నగలు ఎన్ని ఇస్తానన్నా వద్దు, అదే కావాలంటుంది. జనం పడీపడీ నవ్వుతుంటారు. ఆ నవ్వుల మధ్యలో సత్యభామ ముక్కు మీదకి చెయ్యి వెళ్తుంది. ఆడదానికి ముక్కర తీయడమంటే ఏమిటో ఆ సభలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. నవ్వించే ఘట్టాన్ని నవ్వుతూనే ఉండనిచ్చి, లోపల భయం కూడా చూపించడం, ఇదండీ నటన. మంచి హాస్యనటుడు, మంచి విషాదనటుడు ఒకే ముఖంలో ఉంటే తప్ప పండదు.

ఒంగోలుగిత్త

మా ఊరి హలీం ఖాన్ గారి పేరు ఎవరూ ఎత్తలేదేంటి? కూచిపూడి ఇంటిపేర్లలో పుట్టలేదు, బ్రాహ్మడు కాదు, అయినా స్త్రీవేషంలో కూచిపూడి ఆడుతున్నారు. శర్మ గారి తర్వాత ఆ దారి మూసుకుపోయిందని మీరంతా ఏడుస్తున్నారు గానీ, పక్క సందులోంచి నడుస్తూనే ఉంది.

గోదారిగట్టు

మంచి మాట గుర్తు చేశారు తమ్ముడూ. ఇంటిపేరు లేకుండా సత్యభామ అవ్వొచ్చని తేలింది. ఇక అందులో మాట మిగలాలి.

రాయుడు గారి ముక్కర పోస్టు చదివాక ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. మా వైపు పెద్దావిడలు ఇదే ఘట్టం చేసేటప్పుడు ముక్కు తాకి చెయ్యి వెనక్కి తీసేసుకునేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోవడం మగ సత్యభామకీ ఆడ సత్యభామకీ ఒకటే అయినప్పుడు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని వెతకడం కన్నా ఇద్దరినీ పక్కపక్కన రాసుకోవడం మేలు. కృష్ణలంక గారూ, మీ మొదటి పోస్టులో ఆ లైను చేరుస్తారా?

కృష్ణలంక

ఎడిట్ చేసే గడువు దాటిపోయింది. పర్యవేక్షకులు వీలు చూసి చేరిస్తే సంతోషం. "నటుడా, నాట్యకారుడా" అన్న నా ప్రశ్నకి మువ్వసవ్వడి గారు లొంగలేదు, నేనూ లొంగను, అది అలాగే ఉండనిద్దాం.

సందేహాలస్వామి

ఇదంతా చదివాక పూర్తి కలాపం ఒక్కసారైనా చూడాలనుంది. ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు?

నాటకాలరాయుడు

ఏటా సిద్ధేంద్ర యోగి ఉత్సవాలప్పుడు కూచిపూడి వెళ్ళండి. విజయవాడ నుంచి పామర్రు దాకా వచ్చి చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే దారిలోనే. తేదీలు ముందే కనుక్కోండి, ప్రోగ్రాం లిస్టులో "భామాకలాపం" అని ఉంటే చాలదు, మాధవి ఎవరని అడగండి. మాధవి పేరు చెప్పగలిగారంటే మాటలతో ఆడుతున్నారని లెక్క. చెప్పలేకపోతే పది నిమిషాల దరువే.